ఎగిరాను కానీ లాగ్ పడలేదు: వర్చువల్ ఎయిర్‌లైన్ పైలట్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వారమంతా ఆఫీసు, ట్రాఫిక్ అన్నీ అయ్యాక శనివారం రాత్రి కూర్చుని హైదరాబాద్ నుంచి దుబాయ్ దాకా నాలుగు గంటలు ఎగిరి, దిగి, ఇంజన్లు ఆపి చూస్తే లాగ్‌లో ఏమీ ఉండదు. ఆ కోపం నాకు తెలుసు, నాకూ అయింది. మా వర్చువల్ ఎయిర్‌లైన్‌లో పైరెప్‌లు చెక్ చేసే పని రెండేళ్లుగా నా మీదే పడింది, ఆదివారం పొద్దున ఫోన్ తీస్తే అవే డౌట్లు, అడిగేవాళ్ల పేర్లే వేరు. అందుకే అన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నా. మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి, మొదట్నుంచి చదవాల్సిన పని లేదు.

కొత్తవాళ్ల కోసం: వర్చువల్ ఎయిర్‌లైన్ అంటే కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ మీద సరదాగా ఎగిరేవాళ్లు నిజం ఎయిర్‌లైన్ లాగా నడుపుకునే క్లబ్బు. పైరెప్ అంటే పైలట్ రిపోర్ట్. ట్రాకర్ అన్నా, ఏకార్స్ క్లయింట్ అన్నా ఒకటే, మీ సిమ్యులేటర్ పక్కన నడుస్తూ ఫ్లైట్ మొత్తం రాసుకునే చిన్న ప్రోగ్రాం. మీరు ఎంత బాగా ఎగిరారో దానికి తెలీదు, సిమ్యులేటర్ ఇచ్చిన అంకెలు మాత్రమే తెలుసు. సగం లొల్లి ఇక్కడే.

## ఇన్‌స్టాల్, లాగిన్ దగ్గర

వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ పనిచేస్తోంది, ట్రాకర్‌లో మాత్రం లాగిన్ ఫెయిల్ అంటోంది, ఎందుకు?

కొన్ని ఎయిర్‌లైన్లు ట్రాకర్‌కి పాస్‌వర్డ్ బదులు ఏపీఐ కీ (అక్షరాలు, అంకెలు కలిసిన పొడుగాటి రహస్య కోడ్) వాడతాయి. పీహెచ్‌పీవీఎంఎస్ అనే వర్చువల్ ఎయిర్‌లైన్ సాఫ్ట్‌వేర్ మీద నడిచేవాటిలో అది మీ ప్రొఫైల్ పేజీలో ఉంటుంది. దాన్ని కాపీ చేసేటప్పుడు చివర ఒక ఖాళీ స్పేస్ కూడా వచ్చేస్తుంది, కంటికి కనపడదు, ఎర్రర్ మాత్రం వస్తుంది. ముందు కీ మొత్తం చెరిపి మళ్లీ పేస్ట్ చేసి చూడండి.

అది కూడా కాకపోతే కంప్యూటర్ గడియారం చూడండి. నవ్వొద్దు. మా సభ్యుడొకాయన పాత డెస్క్‌టాప్‌లో ప్రతి రోజూ లాగిన్ ఫెయిల్, మూడు సార్లు రీఇన్‌స్టాల్ చేశాడు, తీరా చూస్తే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆ పీసీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది. తేదీ తప్పుంటే సర్వర్ సర్టిఫికెట్ చెల్లదని క్లయింట్ అనుకుంటుంది, కనెక్షన్ అక్కడే తెగ్గొడుతుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది కదా, అది అయిపోయింది. వాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరుకుతుంది. మార్చాడు, అయిపోయింది.

క్లయింట్ "సిమ్యులేటర్ కోసం వెతుకుతోంది" దగ్గరే తిరుగుతూ ఉంది, కనెక్ట్ అవ్వట్లేదు?

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అయితే మధ్యలో మాట్లాడేది సిమ్‌కనెక్ట్. సిమ్యులేటర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా ఓపెన్ చేసి క్లయింట్‌ని మామూలుగా ఓపెన్ చేస్తే రెండిటికీ మాట కలవకపోవచ్చు, కాబట్టి రెండూ ఒకే రకంగా నడపండి. మెయిన్ మెనూలో ఉండగా కనెక్ట్ నొక్కొద్దు, విమానం గేటు దగ్గర లోడ్ అయ్యాక నొక్కండి. మీ క్లయింట్ ఎఫ్‌ఎస్‌యూఐపీసీ (సిమ్యులేటర్ నుంచి అంకెలు తెచ్చిచ్చే ఇంకో ప్రోగ్రాం) అడిగే రకం అయితే దాని ఉచిత వెర్షన్ సరిపోతుంది, డబ్బు పెట్టి కొనక్కర్లేదు, కానీ 2020 సిమ్యులేటర్‌కి ఏడో వెర్షనే కావాలి, పాతది పనిచేయదు.

ఎక్స్‌ప్లేన్‌లో సిమ్‌కనెక్ట్ ఉండదు. క్లయింట్ ఇచ్చిన ప్లగిన్ ఫోల్డర్‌ని రిసోర్సెస్ లోపల ఉన్న ప్లగిన్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. జిప్ విప్పినప్పుడు ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్ వస్తుంది చూడండి, అలాగే ఎత్తి పెట్టేస్తే ఎక్స్‌ప్లేన్‌కి కనపడదు.

యాంటీవైరస్ క్లయింట్‌ని తీసి పక్కన పడేసింది, అది వైరసా?

మీ ఎయిర్‌లైన్ ఇచ్చిన లింక్ నుంచే దించుకుని ఉంటే భయం అక్కర్లేదు, తక్కువ మంది వాడే ప్రోగ్రాం అంటే విండోస్ డిఫెండర్‌కి కొంచెం అనుమానం. క్వారంటైన్ నుంచి వెనక్కి తెచ్చి ఆ ఒక్క ఫోల్డర్‌కి మినహాయింపు ఇవ్వండి. యాంటీవైరస్ మొత్తం ఆపేయొద్దు. ఎవరో ఫ్రెండ్ డ్రైవ్‌లో పెట్టి పంపిన కాపీ అయితే మాత్రం డిలీట్ చేసి అసలుది దించుకోండి.

## గేటు దగ్గర

నేను హైదరాబాద్‌లోనే ఉన్నా, "డిపార్చర్ ఎయిర్‌పోర్ట్ తప్పు" అంటోంది?

మన ఊరోళ్లకి ఇది వారానికి ఒకసారైనా తగులుతుంది. హైదరాబాద్‌లో రెండు ఎయిర్‌పోర్టులు, రెండు కోడ్‌లు. శంషాబాద్ వీఓహెచ్‌ఎస్, బేగంపేట వీఓహెచ్‌వై. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక మామూలు ప్రయాణికుల విమానాలు అక్కడికి మారాయి, కానీ సిమ్యులేటర్‌లో బేగంపేట ఇప్పటికీ ఉంది, వెతికితే వస్తుంది. రెండిటి మధ్య నేరుగా కొలిస్తే దాదాపు 13 నాటికల్ మైళ్లు. ట్రాకర్ మీ స్థానం షెడ్యూల్‌లో ఉన్న ఎయిర్‌పోర్టుకి కొన్ని మైళ్ల లోపల ఉందా లేదా అని చూస్తుంది, బేగంపేటలో నిలబడి శంషాబాద్ ఫ్లైట్ మొదలుపెడితే ఒప్పుకోదు. నేను కూడా ఒకసారి చిన్నప్పటి జ్ఞాపకం కొద్దీ బేగంపేటలో పార్క్ చేసి, సిమ్‌బ్రీఫ్ (ఫ్లైట్ ప్లాన్ తయారుచేసే వెబ్‌సైట్) ప్లాన్ శంషాబాద్‌ది వేసుకుని, అరగంట ఎఫ్‌ఎంసీ (విమానంలో రూటు ఎక్కించే కంప్యూటర్) నింపాక గమనించా.

ఇదే తిప్పలు బెంగళూరులో హెచ్‌ఏఎల్ వీఓబీజీకి, దేవనహళ్లి వీఓబీఎల్‌కి, గోవాలో దబోలిమ్‌కి, మోపాకి వస్తాయి. మోపా 2023 జనవరిలో మొదలైంది, పాత సీనరీ వాడేవాళ్ల దగ్గర అది ఉండకపోవచ్చు, అప్పుడు సిమ్యులేటర్‌లో అక్కడ పొలమే కనిపిస్తుంది.

"ఎయిర్‌క్రాఫ్ట్ మ్యాచ్ కాలేదు" అంటోంది, నేను ఏ320 లోనే ఉన్నా కదా?

మీకు, నాకు ఏ320 అంటే ఏ320. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) కోడ్ లెక్కలో పాత ఇంజన్లది, అంటే సీఈఓ, ఏ320, కొత్త ఇంజన్ల నియో అయితే ఏ20ఎన్. షెడ్యూల్‌లో ఏ20ఎన్ ఉండి మీరు సీఈఓ మోడల్ వేసుకుంటే రెండూ వేరే విమానాలే. ఏటీఆర్ 72-600 కోడ్ ఏటీ76 అని చాలామందికి తెలీదు.

విమానం సరైనదే అయినా మ్యాచ్ కాకపోతే లివరీని (విమానం మీద వేసే ఎయిర్‌లైన్ రంగులు, లోగో) అనుమానించండి. ఉచితంగా దొరికే కొన్ని లివరీల్లో ఎయిర్‌క్రాఫ్ట్ కాన్ఫిగ్ ఫైల్‌లో టైప్ డిజిగ్నేటర్ దగ్గర ఖాళీ వదిలేస్తారు, లేదా అక్కడ ఎయిర్‌లైన్ పేరు రాసేస్తారు. మామూలు లివరీతో ఒకసారి కనెక్ట్ చేసి చూడండి, దొరికిపోతుంది.

ఫ్యూయల్ సరిగ్గానే నింపా, "ప్లాన్ కంటే చాలా తక్కువ" అంటోంది?

కిలోలు, పౌండ్లు. ప్లాన్‌లో 6,200 కిలోలు ఉంటే అది 13,669 పౌండ్లు అవుతుంది. విమానం సెట్టింగ్ పౌండ్లలో ఉండగా మీరు 6200 అని కొట్టేస్తే ట్యాంకులో పడేది 2,812 కిలోలే. అది చూసుకోకుండా ఎగిరి చెన్నై దాటకముందే లో ఫ్యూయల్ వార్నింగ్ వచ్చి పరేషాన్ అయినవాళ్లు ఉన్నారు. సిమ్‌బ్రీఫ్ ప్రొఫైల్‌లో, విమానం ట్యాబ్లెట్‌లో (కాక్‌పిట్‌లో సెట్టింగులు, లోడింగ్ చేసే స్క్రీన్) ఒకే యూనిట్ పెట్టేసుకోండి.

ట్రాకింగ్ స్టార్ట్ ఎప్పుడు నొక్కాలి?

ఫ్యూయల్, ప్యాసింజర్లు లోడ్ అయ్యాక, ఇంజన్లు ఆగి ఉండగా, పార్కింగ్ బ్రేక్ వేసి ఉండగా. ముందే నొక్కి తర్వాత ట్యాబ్లెట్‌లో ఫ్యూయల్ నింపితే "ఫ్లైట్ మధ్యలో ఇంధనం పెరిగింది" అని రాసుకుంటుంది. విడిగా తెచ్చి పెట్టుకునే కొన్ని యాడ్ఆన్ విమానాల్లో సేవ్ చేసిన కాక్‌పిట్ స్టేట్‌ని లోడ్ చేసినా ఫ్యూయల్ మారిపోతుంది, ఆ పని కూడా ముందే కానిచ్చేయండి. రన్‌వే మీద నుంచి మొదలుపెడితే చాలా ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు.

## గాల్లో ఉండగా

మధ్యలో ఇంటర్నెట్ పోయింది, ఫ్లైట్ మొత్తం పోయినట్టేనా?

కాదు. ఎక్కువ క్లయింట్లు మీ కంప్యూటర్‌లోనే రాసుకుంటూ నెట్ వచ్చాక పంపిస్తాయి. మీరు చేయాల్సింది ఒక్కటే, ఏమీ చేయకుండా ఉండటం. క్లయింట్ మూసి మళ్లీ తెరవొద్దు, క్యాన్సిల్ అసలే నొక్కొద్దు. లైవ్ మ్యాప్‌లో మీ విమానం నాగ్‌పూర్ మీద ఆగిపోయినట్టు కనపడుతుంది, దాని గురించి దిగులు పడొద్దు. ల్యాండ్ అయ్యాక నెట్ ఇంకా రాకపోతే ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ఫైల్ చేయండి, అంత చిన్న రిపోర్టుకి డేటా పెద్దగా పట్టదు.

సిమ్యులేటర్ క్రాష్ అయి డెస్క్‌టాప్‌కి వచ్చేసింది. లేదా కరెంటే పోయింది. ఇప్పుడేం చేయాలి?

ఈ రెండూ వేరు. సిమ్యులేటర్ ఒక్కటే క్రాష్ అయితే క్లయింట్ ఇంకా బతికే ఉంటుంది, దాన్ని ముట్టుకోకుండా సిమ్యులేటర్ మళ్లీ తెరిచి, చివరగా ఉన్న స్థానానికి దగ్గర్లో, అదే ఎత్తులో, క్రాష్ అయినప్పుడు ఎంత ఫ్యూయల్ ఉందో అంతే పెట్టుకుని కొనసాగించండి. ఫ్యూయల్ ఎక్కువ పెట్టారంటే మళ్లీ గాల్లో నింపుకున్నట్టు పడుతుంది. అందుకే పొడుగు ఫ్లైట్లలో గంటకోసారి మిగిలిన ఫ్యూయల్, ఎత్తు, దగ్గరి వేపాయింట్ ఒక కాగితం మీద రాసుకోవడం నాకు అలవాటు, మా ఆవిడ ఆ కాగితాలు చూసి పాల లెక్క అనుకుంటుంది.

కరెంటు పోతే క్లయింట్ కూడా పోతుంది. మళ్లీ తెరిచినప్పుడు "పాత ఫ్లైట్ కొనసాగించాలా" అని అడిగితే అవును అనండి, కొత్తది మొదలుపెడితే పాతది చెరిగిపోవచ్చు. ఎండాకాలం సాయంత్రాలు మన ఏరియాల్లో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మామూలు 600 వీఏ యూపీఎస్ గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీని ఫుల్ లోడ్‌లో మోయలేదు, స్విచ్ పడగానే అది కూడా కూర్చుండిపోతుంది. పెద్దది కొనే ఉద్దేశం లేకపోతే కనీసం రూటర్‌కి ఒక మినీ యూపీఎస్ పెట్టుకోండి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి వెళ్తే బేరమాడి తెచ్చుకోవచ్చు. ల్యాప్‌టాప్ మీద ఎగిరేవాళ్లకి ఈ ఒక్క విషయంలో మాత్రం సుఖం.

భోజనానికి లేవాలి, పాజ్ చేస్తే రిజెక్ట్ అవుతుందా? టైమ్ స్పీడ్ పెంచితే?

మామూలు పాజ్‌ని చాలా ఎయిర్‌లైన్లు ఒప్పుకుంటాయి, పాజ్‌లో ఉన్న టైమ్ గంటల్లోంచి తీసేస్తాయి. యాక్టివ్ పాజ్ వేరే, అందులో విమానం గాల్లో అక్కడే ఆగినా సిస్టమ్స్ నడుస్తూనే ఉంటాయి, ఇంధనం కాలుతూనే ఉంటుంది, ట్రాకర్‌కి మాత్రం 35,000 అడుగుల్లో నిలబడిపోయిన విమానం కనపడుతుంది. దాని జోలికి వెళ్లొద్దు. టైమ్ స్పీడ్ 4 రెట్లు చేసి గంట ఫ్లైట్ పావుగంటలో అవగొట్టడం ఎక్కువ చోట్ల నిషేధం, క్లయింట్ దాన్ని పట్టుకుంటుంది కూడా. వ్యాట్‌సిమ్ లేదా ఐవావోలో (నిజం మనుషులే కంట్రోలర్లుగా కూర్చునే ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లు) ఉన్నప్పుడు ఇవి మీ ఇష్టానికి చేయడం కుదరదు, కుర్చీ వదిలి నిద్రపోవడం అసలే కుదరదు.

నేను 250 నాట్లు దాటలేదు, "పదివేల కింద ఓవర్‌స్పీడ్" అని పాయింట్లు పోయాయి?

దాటారు, కొన్ని సెకన్లే దాటారు. దిగేటప్పుడు పదివేల అడుగుల దగ్గరికి వచ్చాక స్పీడ్ తగ్గించడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యం, జెట్ అంత తొందరగా నెమ్మదించదు. పన్నెండు, పదకొండు వేల మధ్యే తగ్గించడం మొదలుపెట్టండి. ఇంకో కారణం క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే మీటర్‌కి ఇవ్వాల్సిన స్థానిక గాలి పీడనం) సెట్ చేయకపోవడం, మీ మీటర్‌లో పదివేల వంద చూపిస్తున్నా ట్రాకర్ లెక్కలో తొమ్మిది వేల తొమ్మిది వందలు ఉండొచ్చు.

ల్యాండింగ్ లైట్లు వేశా, వేయలేదని రాసింది?

ఇది మీ తప్పు కాకపోవచ్చు. ఫెనిక్స్, పీఎండీజీ లాంటి యాడ్ఆన్‌లు స్విచ్‌ల కోసం సొంత వేరియబుల్స్ వాడతాయి, ట్రాకర్ చూసేది సిమ్యులేటర్ మామూలు వేరియబుల్. మీ స్విచ్ ఆన్ అయినా ఆ మాట ట్రాకర్ దాకా చేరదు. క్లయింట్ అప్‌డేట్ చేయండి, ఆ విమానం ప్రొఫైల్ ఉందేమో అడగండి. అప్పటిదాకా రిమార్క్స్‌లో ఒక లైన్ రాస్తే నేనైతే పాయింట్లు వెనక్కి ఇచ్చేస్తా.

వ్యాట్‌సిమ్‌లోనే ఎగిరా, లాగ్‌లో "ఆఫ్‌లైన్" అని ఉంది?

మీ ప్రొఫైల్‌లో వ్యాట్‌సిమ్ ఐడీ ఎక్కించారా, ఒక అంకె తేడా ఉందా చూడండి. ఐడీ కరెక్ట్ అయితే కాల్‌సైన్ చూడండి, ఎయిర్‌లైన్‌లో ఒకటి బుక్ చేసి ఆన్‌లైన్‌లో ఇంకోదానితో లాగిన్ అయితే కలవదు.

## దిగాక

బట్టర్ లాగా దించా, ల్యాండింగ్ రేట్ మైనస్ 480 చూపిస్తోంది. ఇంకో యాప్‌లో మైనస్ 190. ఏది నిజం?

రెండూ వాటి లెక్కలో నిజమే. ల్యాండింగ్ రేట్ అంటే నేలని తాకేటప్పుడు నిమిషానికి ఎన్ని అడుగుల చొప్పున కిందికి దిగుతున్నారో ఆ అంకె. సిమ్యులేటర్ టచ్‌డౌన్ వేగాన్ని సెకనుకి అడుగుల్లో ఇస్తుంది, మూడున్నర అడుగులుంటే 60తో గుణించి నిమిషానికి 210. కొన్ని క్లయింట్లు అదే అంకె తీసుకుంటాయి, ఇంకొన్ని నేలని తాకిన క్షణానికి కొంచెం ముందు వర్టికల్ స్పీడ్ ఎంతుందో పట్టుకుంటాయి. మీ ఎఫ్‌పీఎస్ (స్క్రీన్ మీద సెకనుకి వచ్చే ఫ్రేములు) పదిహేనుకి పడిపోతే ఆ పట్టుకోవడం ఇంకా అటూ ఇటూ అవుతుంది. బౌన్స్ అయితే ఒకటి మొదటి దెబ్బ రాస్తుంది, ఇంకోటి గట్టి దెబ్బ రాస్తుంది. మీ ఎయిర్‌లైన్ ఏ క్లయింట్ వాడమంటే అందులో వచ్చిందే లెక్క.

నా మాటకొస్తే మైనస్ 100 నుంచి 300 మధ్య ఎక్కడ దిగినా మంచి ల్యాండింగే. మైనస్ 40 కోసం రన్‌వే సగం దాకా తేలుతూ పోయేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది, శంషాబాద్‌లో పెద్ద రన్‌వే 4,260 మీటర్లు కాబట్టి బతికిపోతున్నారు.

ఫైల్ చేసే బటన్ బూడిద రంగులోనే ఉంది, నొక్కనివ్వట్లేదు?

ట్రాకర్‌కి ఫ్లైట్ అయిపోయిందని తెలియాలి. చాలా వాటికి మూడు కావాలి: విమానం ఆగి ఉండాలి, పార్కింగ్ బ్రేక్ వేసి ఉండాలి, ఇంజన్లు పూర్తిగా ఆగాలి. మాస్టర్ స్విచ్ ఆఫ్ చేసిన వెంటనే ఇంజన్ తిరగడం ఆగదు, కాసేపు ఆగండి. కొన్ని యాడ్ఆన్‌ల్లో బ్రేక్ స్విచ్ వేసినా సిమ్యులేటర్‌కి అందదు, కీబోర్డు మీద పార్కింగ్ బ్రేక్ షార్ట్‌కట్ నొక్కి చూడండి. కోపంతో సిమ్యులేటర్ మూసేయడమే చాలామంది చేసే తప్పు, బటన్ వెలిగి, నొక్కి, "పంపబడింది" అని వచ్చేదాకా ఏదీ మూయొద్దు.

రెండు గంటలు కూర్చున్నా, లాగ్‌లో గంటా ముప్పావే పడింది?

బ్లాక్ టైమ్ అంటే గేటు నుంచి కదిలినప్పటి నుంచి మళ్లీ గేటు దగ్గర ఆగేదాకా, ఫ్లైట్ టైమ్ అంటే చక్రాలు లేచినప్పటి నుంచి తాకేదాకా. మీ ఎయిర్‌లైన్ ఏది లెక్కేస్తుందో రూల్స్‌లో ఉంటుంది. కాక్‌పిట్ సిద్ధం చేసుకున్న టైమ్ ఎందులోనూ రాదు.

నేను ఆదివారం ఎగిరా, లాగ్‌లో శనివారం పడింది?

లాగ్ అంతా యూటీసీలో ఉంటుంది, మనం దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఆదివారం తెల్లారుజామున 3:40కి బయల్దేరితే యూటీసీ ప్రకారం శనివారం 22:10. ఎర్రర్ కాదు. నెలాఖరు రాత్రి ఎగిరేవాళ్లు మాత్రం గుర్తు పెట్టుకోండి, నెలవారీ టార్గెట్ గంటలు ఏ నెలలో పడతాయో దీన్ని బట్టే.

వాతావరణం బాలేక విజయవాడ బదులు చెన్నైలో దిగా, రిజెక్ట్ చేస్తారా?

నిజం పైలట్లు కూడా అదే చేస్తారు, ఎందుకు రిజెక్ట్ చేస్తాం? క్లయింట్‌లో డైవర్ట్ ఆప్షన్ ఉంటే అది ఎంచుకోండి, లేకపోతే రిమార్క్స్‌లో కారణం రాయండి. తర్వాతి ఫ్లైట్ బుక్ కాకపోతే ఆశ్చర్యపోవద్దు, కొన్ని ఎయిర్‌లైన్లలో మీరు చివరగా దిగిన చోటు నుంచే ఎగరాలి, అప్పుడు చెన్నై నుంచి మొదలుపెట్టాలి లేదా జంప్‌సీట్ (ఎగరకుండానే మిమ్మల్ని ఇంకో ఎయిర్‌పోర్టుకి మార్చడం) అడగాలి.

## రివ్యూలో

పైరెప్ మూడు రోజులుగా పెండింగ్‌లోనే ఉంది?

రూల్స్ అన్నీ పాస్ అయినవి వాటంతటవే ఆమోదం అయిపోతాయి. పెండింగ్ అంటే ఒక మనిషి చూడాలి, ఆ మనిషికి కూడా ఉద్యోగం ఉంది. వారం దాటితే ఒకసారి గుర్తు చేయండి, గంటకోసారి వద్దు.

రిజెక్ట్ అయింది, మళ్లీ తిరిగి రాదా?

కారణం చదవండి ముందు, చాలామంది చదవరు. టైమ్ స్పీడ్, గాల్లో ఫ్యూయల్, వేరే విమానం లాంటివైతే కష్టం. టెక్నికల్ గొడవ అయితే ఫ్లైట్ నంబర్‌తో, లాగ్ ఫైల్‌తో అడగండి, చాలా ఎయిర్‌లైన్లలో మాన్యువల్ పైరెప్ పెట్టే వీలుంది. క్షమాపణలు, కథలు అక్కర్లేదు. ఒకతను రెండు పేజీలు రాశాడు, అందులో ఫ్లైట్ నంబర్ లేదు.

ఒకే ఫ్లైట్ రెండుసార్లు పడింది, ఒకటి ఉంచుకోవచ్చా?

పంపే బటన్ రెండుసార్లు నొక్కితే, లేదా ల్యాప్‌టాప్‌లో కూడా క్లయింట్ తెరిచి ఉంటే ఇలా అవుతుంది. మీరే చెప్పేస్తే ఒకటి తీసేస్తాం, అంతే. మేం పట్టుకున్నాక రెండూ పోయే చోట్లు ఉన్నాయి.

హెల్ప్ అడిగేటప్పుడు ఏం పంపాలి?

మానిటర్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పంపొద్దు దయచేసి, ట్యూబ్‌లైట్ వెలుతురు తప్ప ఏమీ కనపడదు. క్లయింట్ లాగ్ ఫైల్ పంపండి, ఎక్కువగా విండోస్‌లో యాప్‌డేటా (AppData) ఫోల్డర్ లోపల క్లయింట్ పేరుతో ఉంటుంది, యాప్‌డేటా దాగి ఉంటుంది కాబట్టి హిడెన్ ఫైల్స్ చూపించు అని పెట్టుకోవాలి. దాంతోపాటు సిమ్యులేటర్ ఏది, విమానం ఏది, ఫ్లైట్ నంబర్, యూటీసీలో టైమ్. పంపేముందు అందులో మీ ఏపీఐ కీ కనిపిస్తే చెరిపేయండి.

ఈ గంటలు నిజం పైలట్ లైసెన్స్‌కి పనికొస్తాయా? ఇంట్లో అడుగుతున్నారు.

రావు. మన దేశంలో లైసెన్సులిచ్చే డీజీసీఏ కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటల ఫ్లయింగ్ అడుగుతుంది, ఇంట్లో పీసీ మీద ఎగిరిన గంట అందులో ఒక్కటి కూడా కలవదు. చెక్‌లిస్టులు, రేడియో భాష, చార్టులు చదవడం ముందే అలవాటవుతాయి, అది వేరే సంగతి. ఇంట్లో అడిగితే నాకు మా అమ్మకి చెప్పిన సమాధానమే ఉంది: క్రికెట్ చూస్తే రంజీ టీమ్‌లో తీసుకుంటారా? దానికి ఆమె, చూసేవాళ్లు కనీసం లాగ్ పడలేదని అర్ధరాత్రి అరవరు కదా అంది.